సమాధుల తోటలో నా చందాదారులు

సొంతంగా పుస్తకం అచ్చు వేయించి, పాఠకులను సమాధుల తోటలో వెతుక్కున్న మహానుభావుణ్ణి నేను. నవ్వండి, తప్పులేదు. ఆ మిట్టమధ్యాహ్నం తలచుకుంటే మాత్రం నాకిప్పటికీ వెన్నులో చలి పుడుతుంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మైదుకూరు క్రైస్తవ సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి. అది తప్ప నాకు లోకంలో వేరే గౌరవం లేదు. తీర్పు దినం మీద నూట పది పద్యాలు రాసి కడప ప్రెస్సుకు తీసుకుపోయాను.

"చందాదారుల పట్టిక యాడప్పా?" అన్నాడు ప్రెస్సాయన. "ఎనక పేర్లు లేని బుక్కు ఎవురు ముట్టుకుంటారు? నలభై పేర్లన్నా కావాల."

నాకున్నవి మూడు: మా పాస్టరు అయ్యగారు, నేను, చదువురాని మా అమ్మ.

ఎండకు తాళలేక ప్రెస్సు పక్కనే ఉన్న కడప గుడి సమాధుల తోటలోకి పోయి వేపచెట్టు కింద కూర్చున్నాను. చుట్టూ పేర్లే పేర్లు! అబద్ధమాడరాదని ఆజ్ఞ ఉంది, నిజమే. కానీ వీళ్లు నిద్రిస్తున్నారే గాని చనిపోలేదని వారం వారం చెప్పేది నేనే కదా? మేలుకున్నాక చదువుకుంటారులే అని ముప్పై ఏడు పేర్లు ఎక్కించాను.

ఆఖరిది 'మేస్త్రీ యోనా'. అది రాస్తుండగా గాలి ఆగిపోయింది. ఆ రాతి వెనక గరగరమని చప్పుడు. లోపలినుంచి ఎవరో గోళ్లతో గీరుతున్నట్టు. ప్రెస్సు దాకా ఒక్క ఊపిరిన పరుగెత్తాను.

పుస్తకం వచ్చింది. కడప గుడికి రెండు ప్రతులు పంపాను. పట్టిక తెరిస్తే మాత్రం నేను పేర్లను కాదు, పేర్లే నన్ను చదువుతున్నట్టుండేది.

ఈస్టరు ముందు శనివారం, మధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. మైదుకూరులో మా వాకిట్లో తెల్లటి మనిషి నిలబడి ఉన్నాడు. జుట్టు తెలుపు, రెప్పలు తెలుపు, పాదాలు తెలుపు.

"పద్యాల బుక్కు రాసింది నువ్వేనా?"

"అవునయ్యా... తమరు?"

"మేస్త్రీ యోనాని. సమాధుల తోట నుంచి వస్తాండా. నా బుక్కు యాడ?"

బైబిల్లో యోనా మూడు దినాలు చేప కడుపులో ఉండి బయటికొచ్చిన సంగతి నాకు అప్పుడే గుర్తుకు రావాలా! స్తంభాన్ని వాటేసుకున్నాను. "తక్కినవాళ్లూ వస్తున్నారా?"

"వాళ్లకు ఓపిక యాడిది?" అని అరుగు మీద కూలబడ్డాడు. "కొడుకులు పెట్టిస్తారో లేదో అని నా రాయి నేనే చెక్కుకుంటాంటే, ఆపొద్దు ఉరికింది నువ్వేనా? ఇప్పుడు పండక్కి దానికి సున్నం కొట్టి అట్నే వస్తాండా. బస్సులో నా పక్కన ఎవురూ కూసోలా."

స్తంభాన్ని వదిలాను.

"శానా సంతోషపడొద్దు. గుళ్లో మా అయ్యగారు నీ పట్టిక సదివినాడు. ఒకామె లేసి, 'మా ఆయన పోయి ఏడేండ్లాయె, సందా ఎప్పుడు కట్టినాడు?' అని ఏడ్సింది. నా పేరు రాంగానే నేను 'ఉండా' అన్నా. రేపు నువ్వొచ్చి సమాధి సమాధికీ మన్నింపు అడగాల్నంట. లేదంటే వాక్యం చెప్పేది బంద్."

ఈస్టరు తెల్లవారుజామున తోటలో సంఘమంతా నిలబడింది. మసక వెలుతురులో తెల్లటి సిలువలు నావైపే వంగినట్టున్నాయి. ఒక్కో పేరు పిలిచి మోకరించాను. పిలిచిన ప్రతిసారీ, ఎవరైనా పలుకుతారేమోనని గుండె ఆగేది. ముప్పై ఆరు సార్లు ఆగింది.

ముప్పై ఏడో రాతి మీద యోనా కూర్చుని నా పుస్తకం చదువుతున్నాడు.

"మన్నించు, యోనా తాతా."

"మన్నించినాలే." పుస్తకం మూసి చేతికిచ్చాడు. "సగం సదివినా. తక్కినోళ్లు ఎందుకు లేయలేదో తెలిసింది."

ఏడేళ్ల కింద భర్తను పోగొట్టుకున్న ఆమే ముందుగా నవ్వింది. నా వాక్యం నాకు దక్కింది.

ఆ సిలువల సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరినైనా సరే, నాడి పట్టి చూసి, ఒకసారి తుమ్మించి గాని పాఠకుడిగా లెక్కవేయను. ఆమేన్.