కానుగాకుల పొగ

సొన్నమ్మది చింతామణి దగ్గర ఒక పల్లె. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే, చిన్నమ్మ వెంట బెంగళూరు వచ్చి బొమ్మనహళ్ళిలో ఒక రేకుల గదిలో చేరింది. చిన్నమ్మ అప్పటికే వీధులు ఊడ్చేది. 1991లో కాంట్రాక్టరు సొన్నమ్మకూ ఒక చీపురు ఇచ్చి, జయనగరలో రెండు అడ్డరోడ్లు అప్పజెప్పాడు.

ఆ రోడ్లకు ఇరువైపులా కానుగ చెట్లు. ఎండాకాలం మొదలయ్యే ముందు ఆకు రాల్చడం మొదలుపెడితే, ఇవాళ ఊడ్చిన చోట రేపటికి మళ్ళీ మోకాలెత్తు కుప్ప. లారీ వాళ్ళు ఆకులు ఎత్తేవాళ్ళు కాదు. ఆకులకే బండి నిండిపోతే మిగతా కసువు ఎక్కడ వేసేదని కసిరేవాళ్ళు. మేస్త్రి ఆవులప్ప దానికి ఒకటే ఉపాయం చెప్పేవాడు.

"మూలకు తోసి అగ్గి పెట్టి పోమ్మా. ఎంత సేపు?"

ఏడేళ్ళు ఆమె అట్లాగే చేసింది. పచ్చీ ఎండూ కలిసిన ఆకు మండదు, రాజుకుంటూ పొగ కక్కుతుంది. సొన్నమ్మకు ముప్పై అయిదేళ్ళకే దగ్గు పట్టుకుంది. చీపురు దుమ్మేలే అనుకుని వేడినీళ్ళు తాగి సరిపెట్టుకునేది.

1998 ఫిబ్రవరిలో ఒక పొద్దున కుప్పకు అగ్గిపుల్ల గీసి వెనక్కి తిరిగేసరికి గాలి మళ్ళింది. పొగంతా ఎదురింట్లోకి కొట్టింది. ఆ ఇంటాయన సుబ్బరాయుడు, చిక్కపేటలో బట్టల అంగడి కొడుకులకు అప్పగించి ఆ మధ్యే ఈ వీధికి వచ్చాడు. ఉబ్బసం మనిషి. తిట్టడానికే గేటు తీసుకుని వచ్చాడు కానీ నోట మాట రాలేదు, దగ్గు తప్ప. ఆయన్ని చూసి భయపడి ఏదో చెప్పబోయిన సొన్నమ్మకూ దగ్గే వచ్చింది. గేటు పక్క రాతి అరుగు మీద ఇద్దరూ చెరో చివర కూలబడి, కళ్ళ నీళ్ళు కారేలా దగ్గారు. సుబ్బరాయుడి భార్య సావిత్రమ్మ రెండు చెంబులతో నీళ్ళు తెచ్చింది.

"రోజూ ఇట్లే తగలబెడతావా తల్లీ?" అని ఎట్టకేలకు అడిగాడాయన. గొంతులో కోపం మిగల్లేదు.

"లారీవోళ్ళు ఎత్తరు సామీ. నేనేం చేసేది?"

"మీ ఊర్లో ఏం చేస్తా ఉండిరి, ఈ ఆకుల్ని?"

ఊళ్ళో కానుగాకు కోసం కొట్లాడుకునేవాళ్ళు. సొన్నమ్మ వాళ్ళమ్మ మోపులు మోపులుగా కోసుకొచ్చి మడిలో వేసి, బురదలో తొక్కేది. అంత విలువైన దాన్ని ఏడేళ్ళుగా తన చేత్తోనే కాలుస్తున్నానన్న సంగతి ఆమెకు అప్పటిదాకా తట్టనేలేదు.

"ఎరువు చేస్తా ఉంటిమి సామీ," అంది. "మీ పక్కన ఖాళీ సైటు ఉండాది కదా. ఓనరుని అడిగి చూస్తారా?"

ఓనరు సరేనన్నాడు. నాలుగు గుంజలు పాతి చుట్టూ కోళ్ళ వల కట్టారు. రోజూ ఊడ్చిన ఆకు అందులో పోసింది. రెండు నెలలు గడిచినా ఆకు ఆకులాగే ఉంది. వీధివాళ్ళు నవ్వారు. సొన్నమ్మ చెయ్యి లోపలికి పెట్టి చూస్తే అంతా గలగలలాడే ఎండు. తడి లేనిదే ఎట్లా కుళ్ళుతుంది? వెనక సందులో ఆవులున్న ఇంటి నుంచి పేడ తెచ్చి నీళ్ళలో కలిపి చల్లింది. సావిత్రమ్మ పులిసిన మజ్జిగా బియ్యం కడుగునీళ్ళూ రోజూ పోసింది. వానలు పడ్డాక వల కింద తవ్వితే నల్లటి మన్ను వచ్చింది. దాంట్లో ఎర్రలు కదులుతున్నాయి. సుబ్బరాయుడు ఆయాసానికి ఎక్కడా ఆగకుండా నాలుగిళ్ళకు తిరిగి ఆ మన్ను చూపించి వచ్చాడు.

అయినా అందరికీ నచ్చలేదు. కుప్పలో పాములు చేరతాయని ఎవరో అర్జీ పెట్టారు. ఆవులప్పకు అంతే చాలు.

"నీకు చెప్పిన పనేంది, నువ్వు చేస్తా ఉండేదేంది?" అని ఆమెను మార్కెట్ వైపు రోడ్డుకు మార్చాడు. సొన్నమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే మాత్రం కొత్త రోడ్డులో చెట్లు ఎక్కడున్నాయో చూసుకుంటూ ఊడ్చింది. వారం తిరక్కుండానే ఒక పార్కు గోడ వెనక గుంజలు పాతింది.

ఇక్కడ పాత వీధిలో ఊడ్చడానికి కొత్తగా వచ్చిన మనిషి కుప్పకు నిప్పు పెట్టింది. సావిత్రమ్మ బకెట్ నీళ్ళు తెచ్చి దాని మీద కుమ్మరించింది. మర్నాడు వీధి ఆడవాళ్ళు ఆరుగురు వార్డు ఆఫీసుకు పోయి కూర్చున్నారు. అర్జీ పెట్టినింటి ఆమె కూడా వాళ్ళలో ఉంది, ఆమె మనవరాలికీ ఉబ్బసమే. సొన్నమ్మ తిరిగి వచ్చింది. పార్కు వెనక కుప్పనూ వదల్లేదు.

2003లో స్పందన అనే కాలేజీ అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. అప్పటికి పక్క రోడ్లు ఊడ్చేవాళ్ళూ చూసి నేర్చుకోవడంతో ఎనిమిది రోడ్లలో వలలు లేచాయి. ఎంత ఆకు, ఎన్ని బుట్టలు అని వారం రోజులు లెక్క రాసుకుంది.

"ఆకు కాలిస్తే వచ్చే గాలి ఆకాశంలోకి పోయి భూమిని వేడెక్కిస్తుందక్కా. లారీలో ఊరవతలకి మోసినా డీజిల్ పొగే. మీవల్ల ఆ రెండూ తగ్గినాయి. ఆకు మట్టిలో కలిస్తే, గాలిగా మారేదాంట్లో కొంచెం మట్టిలోనే ఉండిపోతుంది."

"అంటే, అగ్గి పెట్టనందుకు మెచ్చుకుంటా ఉండావా పాపా? పని తప్పించుకుంటా ఉండానని తిట్టించుకున్నాను కదా దానికే!"

స్పందన నవ్వి అది కూడా రాసుకుంది. ఈ ఎనిమిది రోడ్ల వల్ల ఎంత తగ్గుతుందని సొన్నమ్మ అడిగితే, కొంచెమేనని దాచకుండా చెప్పింది.

"మిగతా రోడ్లు ఊడ్చేవోళ్ళంతా మావోళ్ళే గదా," అంది సొన్నమ్మ.

2006లో వార్డు ఆఫీసు హాల్లో నలభై మంది ఊడ్చేవాళ్ళను కూర్చోబెట్టి ఆమెను మాట్లాడమన్నారు. ముందు కన్నడంలో మొదలుపెట్టి, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మంది చింతామణి, మదనపల్లి వైపు ముఖాలే కనిపించేసరికి తెలుగులోకి దిగింది. పేడ ఎక్కడ దొరుకుతుంది, కుప్ప ఎప్పుడు తిప్పాలి, మేస్త్రి తిడితే ఏమనాలి, అన్నీ చెప్పింది. చివరి మాటకు అందరూ పగలబడి నవ్వారు. ఎందుకంటే ఆవులప్ప వెనక బెంచీ మీదే ఉన్నాడు.

అంతా లేచాక ఆయన దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "మా ఇంటికాడ దాసవాళం చెట్టు పూయకుండా ఉండాది. ఒక సంచి మన్ను ఇస్తావామ్మా?"

"మందారానికా? ఇస్తాలే అప్పా. ఆదివారం రా. జల్లెడ మాత్రం నువ్వే పట్టుకోవాల."

ఆదివారం ఆయన వచ్చాడు, పంచె పైకి కట్టుకుని.