నాకు చెప్పని మాట

కెనడాలోని విన్నిపెగ్‌లో నేను ఉద్యోగానికి వెళ్తే, నాలుగేళ్ల మా పాపను మా వీధిలో ఉండే కాకినాడ ఆంటీ చూసుకునేవారు. అప్పట్లో పాప కోపం వస్తే పక్క పిల్లల్ని కొరికేది. ఆంటీ తిట్టేవారు కాదు. మోకాళ్ల నొప్పులతోనే నేల మీద కూర్చుని, "ఇప్పుడు నీకెలా ఉంది తల్లీ?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కదిలేవారు కాదు.

ఏడాదిలో పాప కొరకడం మానేసింది. ఏడ్చే పిల్లలకు తన బొమ్మ ఇచ్చేది. మనసులో మాటలన్నీ ఆంటీకే చెప్పేది; నేనేమడిగినా "ఫైన్" అని ఊరుకునేది. ఆంటీని చూస్తే నాకు కడుపు మండేది.

ఒక సాయంత్రం ముందుగా వెళ్లి, గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుంటే పాప గొంతు వినిపించింది.

"అమ్మ ఫాస్ట్‌గా మాట్లాడితే నాకు స్కేరీగా ఉంటుంది ఆంటీ."

"ఆ మాట నాక్కాదు, అమ్మకి చెప్పాలి. అదిగో, వచ్చింది," అన్నారావిడ.

పాప ఆవిడ స్వెటర్ పట్టుకునే అదే మాట నాకు చెప్పింది.

"సరేనమ్మా, మెల్లగా మాట్లాడతాను," అన్నాను. ఆంటీకి థాంక్స్ కూడా చెప్పలేదు.

ఆ వేసవిలో ఆవిడ కూతురి దగ్గరికి మాంట్రియల్ వెళ్లిపోయారు. ఆవిడ ఎక్కిన కారు కదలగానే పాప నా వైపు తిరిగి, "అమ్మా, నాకు ఏడుపొస్తోంది," అంది. అంతవరకూ ఆవిడ వెళ్తున్నారని లోలోపల సంతోషిస్తున్న నాకు సిగ్గేసింది. పాపను ఎత్తుకున్నాను.