పెద్దకర్మ రోజు గ్రైండరు పట్టాను

చావింట్లో చెయ్యకూడని పనులు చాలా ఉంటాయి. గ్రైండరు ఆడించడం వాటిలో ఒకటని మా వాళ్ళెవరూ నాకు ముందుగా చెప్పలేదు. పెద్దకర్మకి వచ్చిన బంధువులందరి ప్రాణాల మీదకి తెచ్చాక, ఒకరి తరవాత ఒకరు వచ్చి మరీ చెప్పారు. గ్రైండరంటే పిండి రుబ్బేది అనుకునేరు. అదైతే ఏ గొడవా ఉండేది కాదు, అట్లైనా తినేవాళ్ళం. నేనంటున్నది చేత్తో పట్టుకుని, గుండ్రటి బిళ్ళ గిర్రున తిప్పుతూ ఇనుమైనా ఫైబరైనా అరగదీసే మిషను.

పోయింది మా పెదనాన్న వీర్రాజు. యానానికి కాస్త ఎగువన, గోదావరి పాయ ఒడ్డున మా పేట. ఆయన మామూలుగా మాట్లాడినా పోట్లాడినట్టే ఉండేది. నిజంగా పోట్లాడితే పేటంతా తలుపులేసుకునేది. మా నాన్నతో ఒక వల గురించి తగువుపడి, ఆ వల చివికి మట్టిలో కలిసిపోయినా మాట కలపలేదు. అలాంటి మనిషి పోతే అందరూ వచ్చారు, మొయ్యాల్సింది మోశారు, మొహాలు బిగించుకుని ఇళ్ళకి పోయారు.

"ఒక్కళ్ళ కన్నూ తడవలేదురా ఆయన కోసం" అంది పెద్దమ్మ నాతో.

నాకు తెడ్డు పట్టడం నేర్పింది ఆయనే. తిడుతూ నేర్పాడు, అయినా నేర్పాడు. ఏడవాలని నాకూ ఉంది. కానీ ఏడుపు గొంతు దాకా వచ్చి, ఆయిలైపోయిన ఇంజనులా దగ్గి ఆగిపోయేది.

పెద్దకర్మ నాటికి చేపల వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. పెదనాన్న ఫైబర్ బోటు ఇంటి వెనకాల బోర్లించి ఉంది, అడుగున పెద్ద పగులుతో. షామియానా కింద అందరూ పొడి కళ్ళతో కూర్చున్నారు. అది చూడలేక నేను వెనక్కి వచ్చి బోటు పక్కన నిలబడ్డాను. ఏడవలేనివాడిని కనీసం బోటైనా బాగుచేద్దామనిపించింది. పగులు చుట్టూ గీకి నునుపు చేసి ఉంచితే, పెదనాన్న కొడుకు సూరిబాబన్నయ్య పైన కొత్త పొర వేసుకుంటాడు.

కొత్తగా కొన్న గ్రైండరు తెచ్చాను. షాపతను ఇచ్చిన కళ్ళద్దాలు చెమటకి మసకేస్తున్నాయని పక్కన పెట్టాను. మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదని గెడ్డం కిందకి లాగాను. బిళ్ళ చుట్టూ ఉండే రేకు తొడుగు చూపుకి అడ్డమని స్క్రూలు విప్పి తీసేశాను. ఒంటిమీద బనీను, లుంగీ. అసలు సంగతి ఇంకొకటుంది. గాలి చూసి గానీ అడుగు వెయ్యని కులంలో పుట్టి, ఆవేళ గాలి ఎటుందో చూడలేదు. సముద్రపు గాలి అప్పుడే లేచింది. నా వీపు మీంచి నేరుగా షామియానాలోకి పోతోంది. మధ్యలో తాటాకు దడి అడ్డం, నాకేమీ కనపడదు. జనరేటరు హోరులో నా మిషను చప్పుడు వాళ్ళకీ వినపడలేదు.

తెల్లటి దుమ్ము మేఘంలా లేచి దడి దాటిపోతుంటే, పెదనాన్న ఆత్మకి నా పని నచ్చిందనుకున్నాను.

ఇంతలో లుంగీ కొస బిళ్ళకి చుట్టుకుంది. రెప్ప వేసేలోపు సగం లుంగీని మింగి, తొడ మీద ఒక గాటు పెట్టి, గుర్రుమని ఆగిపోయింది మిషను. ప్లగ్గు పీకాను. ఇంకాస్త లోతు దిగుంటే ఆ షామియానా నాకూ పనికొచ్చేది. తువ్వాలు చుట్టుకుని దడి అవతలికి వెళ్ళాను.

అక్కడ అందరూ ఏడుస్తున్నారు.

కళ్ళు ఎర్రగా, ముక్కులు కారుతూ, చేతులు గోక్కుంటూ మరీ ఏడుస్తున్నారు. పంతులుగారు జంధ్యంతోనే వీపు రుద్దుకుంటూ, "ఇదేంటండీ, ఏ కర్మలోనూ ఇలా చూళ్ళేదు" అంటున్నారు. సూరిబాబన్నయ్య తన చేతుల్నీ, దుమ్ముకి తెల్లబడ్డ నా జుట్టునీ మార్చి మార్చి చూశాడు.

"ఏరా, బోటు గీకేవా?"

"కొంచెమే అన్నయ్యా."

"గాలి ఇటు కొడుతుంటేనా?"

"గాలి సంగతి... చూసుకోలేదు."

"ఫైబర్ దుమ్మురా అది. గాజు నూకలు ఎగరేసినట్టే." తరవాత అందరివైపూ తిరిగాడు. "ఎవరూ రుద్దకండి. కళ్ళలో చన్నీళ్ళు కొట్టుకోండి. ఒంటిమీదా నీళ్ళు పొయ్యండి. ఆ బట్టలు విడిగా పడెయ్యండి."

విస్తళ్ళు ఇంకా వెయ్యకపోవడం ఒక్కటే అదృష్టం. పెద్దలూ పిన్నలూ కుళాయి దగ్గర వరస కట్టారు. "రెండోసారి స్నానం చేస్తే దోషమేం లేదు లెండి" అని పంతులుగారు ముందుగా బకెట్ అందుకున్నారు.

నాన్న ఒక్కడే కుర్చీలోంచి లేవలేదు. రెండు కళ్ళూ ధారలు. పెద్దమ్మ మెల్లిగా వచ్చి ఆయన ముందు నిలబడింది.

"నువ్వు కూడానా అప్పారావూ?"

దుమ్ము పడిందని చెప్పడానికి నాన్న నోరు తెరిచాడు. "వదినా" అన్నాడు, అక్కడితో ఆగిపోయి భుజాలు కదిలేలా ఏడ్చాడు. ఆ ఏడుపుకి గ్రైండరుతో సంబంధం లేదు. కుళాయి దగ్గర ఉన్నవాళ్ళు కూడా నీళ్ళు ఆపి చూశారు. అది చూశాక నాకూ వచ్చింది, ఇన్నాళ్ళూ గొంతులో ఆగిందంతా.

సాయంత్రానికి దురదలు తగ్గాయి. బంధువులు వెళ్తూ వెళ్తూ నాకు పెట్టాల్సినన్ని చీవాట్లు పెట్టారు. పెద్దమ్మ నా తొడకి మందు రాస్తూ కూర్చుంది. తిడుతుందని తల దించుకున్నాను.

"క్షమించు పెద్దమ్మా, పాడుచేసేను."

"ఏం పాడుచేసేవు? పేటంతా ఏడ్చింది." కట్టు బిగించి, గొంతు తగ్గించింది. "నెల మాసికానికి మళ్ళీ వీళ్ళంతా వస్తార్రా. ఆ మిషను తెచ్చుకో."

కాబట్టి చదువరులారా, గోదావరి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. కళ్ళద్దాలు, మాస్కు, రేకు తొడుగు, నిండు చేతుల చొక్కా, ప్యాంటు లేకుండా గ్రైండరు పట్టను. గాలి ఎటుందో చూడకుండా స్విచ్చి నొక్కను. మాసికానికి పెద్దమ్మ ఎంత బతిమాలినా సరే, ఉల్లిపాయలు తప్ప మరేమీ తీసుకెళ్ళను.