పెద్దక్క ముందు సీటు

మా ధర్మవరంలో టెంపో ట్రావెలర్లకు కొదవ లేదు. ముందు సీటు, అంటే డ్రైవరు పక్క సీటు, ఎవరిదని అడిగితే ఏ బండికైనా రోజుకో జవాబు వస్తుంది. నా బండికి మాత్రం ఎప్పుడూ ఒకటే జవాబు: అది పెద్దక్కది. తిరుపాల్ అనే నేను ఈ బండికి ఓనర్ని, డ్రైవర్ని, క్లీనర్ని కూడా. అయినా ఆ సీటు మీద నాకే హక్కు లేదు. ఒకసారి నా తువ్వాలు దాని మీద పెడితే, తీసి నా మొహాన విసిరింది.

ఆమె అసలు పేరు యశోద. పుట్టింది ముదిగుబ్బలో. ధర్మవరం కోడలై వచ్చి, ముప్పై దాటకముందే మొగుడు ఎల్లప్పను పోగొట్టుకుంది. అప్పటినుంచీ చీరలకు కుచ్చులు కడుతోంది. పట్టుచీర కొంగు చివర వేలాడే దారాలను పాయలు తీసి ముడులు వేస్తారే, అదే ఆ పని. ఇప్పుడు ఆమె వసారాలో మరో తొమ్మిదిమంది ఆడవాళ్ళు కూర్చుని కుచ్చులు కడతారు. చీరలు పంపేది పట్టుచీరల షాపు మధు.

ఇక సీటు సంగతి. చాలా ఏళ్ళ కిందట ఎవరో మంత్రాలయానికి బస్సు మాట్లాడారు. పెద్దక్క అందరికంటే ముందు వచ్చి మొదటి సీట్లో కూర్చుంది. బస్సు మాట్లాడిన పెద్దమనిషి, "మొగుడు పోయిన దానివి, ముందర కూచుంటే పోయే పని చెడతాదమ్మా, ఎనక్కి పో" అన్నాడట. ఆమె వెనక్కి పోలేదు. కిందికి దిగేసింది. సంచి చంకన పెట్టుకుని నేరుగా మా స్టాండుకు వచ్చి, టీ తాగుతున్న నన్ను అడిగింది.

"ఏమబ్బా, నేను ముందు కూచుంటే నీ బండి కదుల్తాదా, కదలదా?"

"డీజిల్ పోస్తే కదుల్తాదక్కా" అన్నాను.

ఆ ఒక్క మాటకు జన్మంతా ఇరుక్కుంటానని నాకేం తెలుసు! ఆ వారమే తన వీధి ఆడవాళ్ళను పోగేసి నా బండిలోనే మంత్రాలయం పోయింది, ముందు సీట్లో కూర్చుని. ఆ తర్వాత తిరుపతి, ధర్మస్థల, లేపాక్షి, పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసు. ఎక్కడికి పోయినా ఆమెది ఒకటే పద్ధతి. ఒక సత్రం, అందులో ఒక హాలు, అందరి చాపలూ ఒకే వరసలో. గురక పెట్టేవాళ్ళు గోడవైపు. ఎవరు ఎవరి పక్కన పడుకోవాలన్న పేచీలు ఆమె దగ్గర సాగవు.

వసారాలో కుచ్చులు కట్టే ఆ తొమ్మిదిమందిలో జమ్రూద్ ఒకతె. ఆమె మొగుడు మసూద్‌ది గ్యాస్ పొయ్యిలు బాగుచేసే చిన్న కొట్టు. జమ్రూద్ మాట్లాడటమే తక్కువ. బండెక్కితే వెనక సీటు మూలకు పోయి ఒదిగి కూర్చుంటుంది. కానీ వాళ్ళ అవ్వ సంగతి వచ్చిందంటే మాత్రం ఆపలేం. ఆ అవ్వ ఎప్పుడో బొంబాయిలో ఓడెక్కి హజ్‌కు పోయొచ్చిందట. "ఓడంటే ఏమనుకున్నారు, పెనుకొండ కొండంత ఉండాదంట" అని జమ్రూద్ అంటే వసారా మొత్తం పకపక నవ్వేది.

"మీ అవ్వ కోతలు బాగా కోసింది పో" అనేవాళ్ళు. జమ్రూద్ చిన్నబుచ్చుకునేది. మళ్ళీ వారానికి అదే కథ.

ఒకరోజు మధు వాళ్ళ అక్క ప్రమీల తన ఫోన్లో ఏదో ప్రకటన చూపించింది. ప్రమీలకు కుచ్చులు కట్టే అవసరం లేదు, ఇంట్లో తోచక వసారాకు వచ్చి కూర్చుంటుంది. మద్రాసు హార్బరులో ఓడెక్కితే రెండు రాత్రులు సముద్రం మీద తిప్పి తీసుకొస్తారట. అందరూ ముక్కున వేలేసుకుంటుంటే పెద్దక్క చేతిలో చీర పక్కన పెట్టి, "పోదాం" అంది. మళ్ళీ నవ్వులు.

"ఎందుకట్ల నవ్వుతాండారు? ఓడలు మనం ఎక్కకూడదని యాడన్నా రాసుండాదా? జమ్రూద్ వాళ్ళ అవ్వ చెప్పింది నిజమో అబద్ధమో చూసొద్దాం పాండి."

అలా మొదలైంది. చాలాకాలం వారం వారం ఇంత తీసిపెట్టుకుని, పోయిన వేసవి సెలవుల్లో టిక్కెట్లు తీసుకున్నారు. ప్రమీలతో కలిపి పదకొండుమంది.

టిక్కెట్లు చేతికొచ్చాక అసలు తిప్పలు మొదలయ్యాయి. ఓడెక్కాల్సింది మధ్యాహ్నం లోపల. రాత్రికి బయల్దేరి పొద్దునకు చేరుస్తానని నేనన్నాను. పెద్దక్క ఒప్పుకోలేదు.

"దావలో నీ టైరు పంచరైతే? ఓడేమన్నా మన ఊరి బస్సా, చెయ్యి అడ్డం పెడితే ఆపేదానికి? ముందు దినమే పోయి హార్బరు పక్కన పండుకోవాల."

సరే, పడుకోవడానికి చోటు వెతకాలి. పెద్దక్క ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, వీధి మొత్తం వింటుంది. హార్బరు దగ్గరి లాడ్జీలకు వరసగా ఫోన్లు చేసింది. "ఒక్క హాలు ఉంటే చాలప్పా, చాపలు మేమే తెచ్చుకుంటాం, స్టవ్వు కూడా ఉండాది" అంటే అవతలివాడు నవ్వి పెట్టేశాడు. ఇంకొకడు మనిషికింత అని చెప్పాడు. ఆ అద్దె పెడితే ధర్మవరం చెరువులోనే సొంతంగా ఒక ఓడ కట్టుకోవచ్చు. కొండకు పోయినట్టే హార్బరుకు పోయినా సత్రం ఉంటుందని ఆమె లెక్క. ఓడెక్కేవాళ్ళకు సత్రాలు ఎవరు కడతారు?

అప్పుడు మధు వచ్చాడు. "మా కులపోళ్ళ సత్రం ఉండాది పెద్దక్కా, హార్బరుకు దగ్గరే. పెద్ద హాలు, వంటకు షెడ్డు, బండి పెట్టుకునేదానికి జాగా. నేను మాట్లాడతా, మీరు ఆధార్ కార్డులు పంపండి" అన్నాడు. పెద్దక్క సంతోషం చూడాలి! ఆరోజు నాకు కాఫీతోపాటు ఒబ్బట్టు కూడా పెట్టింది.

రెండో రోజు సాయంత్రం మధు మళ్ళీ వచ్చాడు. ఈసారి వసారా మెట్టు మీదే నిలబడ్డాడు.

"హాలు ఇస్తామన్నారు పెద్దక్కా. ఒకటే చిన్న ఇబ్బంది. ఆ సత్రం మా కులపోళ్ళకే ఇస్తారు. అందరూ మావాళ్ళే అని చెప్పినా. మేనేజరు కార్డులు చూసినాడు. జమ్రూద్ పేరు చూసి కుదరదు అంటాండాడు."

"అందరూ మీవాళ్ళే అన్నావా?" పెద్దక్క కళ్ళజోడు తీసింది. "మమ్మల్ని అడక్కుండానే మీ కులంలో కలిపేసుకున్నావా? భోజనాలన్నా పెట్టలేదే మధూ!"

"ఎగతాళి కాదు పెద్దక్కా. ఒక్క రాత్రే కదా. ఆయమ్మ తిరుపాల్ బండిలో పండుకుంటాది. పొద్దున అందరూ కలిసే ఓడ కాడికి పోతారు."

నాకు ఒళ్ళు మండింది. నా బండిని పడక చేయమని ఈయనకు ఎవరు చెప్పారు? నేనెక్కడ పడుకోవాలి, టైరు కిందా? కానీ నేను నోరు తెరిచేలోపలే ప్రమీల అందుకుంది.

"ఒక్క రాత్రే కదక్కా. సర్దుకుంటే పోతాది."

ఇంకో ఇద్దరు తలలు ఊపారు. జమ్రూద్ అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉంది. తలెత్తలేదు, ముడి వేయడం ఆపలేదు.

"నేను రాను లేక్కా" అంది. "మీరు పోయిరాండి. ఓడ ఎంత ఉండాదో వచ్చి చెప్పండి, చాలు."

ఓడ అనే మాట ఈ వసారాకు తెచ్చిందే ఆ మనిషి.

పెద్దక్క లేచి నిలబడింది.

"మధూ, ఆ హాలు మాకొద్దని చెప్పు."

"ఇంకో వారమే ఉండాది పెద్దక్కా. సెలవల సీజను. యాడా చోటు దొరకదు."

"దొరక్కపోతే హార్బరు గేటు ముందర రోడ్డు మీద చాపలేసుకుంటాం. పదకొండుమందిమీ ఒకే వరసలో. మా వరసలోంచి ఒక చాప తీసి బయట ఏసే సత్రం వెండిదైనా నాకొద్దు."

"నేను మాటిచ్చినా. మావాళ్ళలో నా మర్యాద ఏం కావాల?"

"నీ మర్యాద నీ కాడ ఉండాదప్పా, జాగ్రత్తగా పెట్టుకో. ఈమె మర్యాద నా కాడ ఉండాది."

మధు చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. మరుసటి రోజు చీరలు రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. వసారాలో ఆడవాళ్ళు ఒట్టి చేతులతో కూర్చోలేక చెనక్కాయలు వలుస్తున్నారు. నాకు భయం వేసింది, నిజమే చెబుతున్నాను. "ఎందుకు పెద్దక్కా ఈ మొండితనం? కూటికాడికి తెచ్చుకుంటాండావు" అన్నాను.

"చీరలు ఆయనవి, వేళ్ళు మావి" అంది వేళ్ళు ఆడిస్తూ. "పెళ్ళిళ్ళ సీజన్లో ఎవరితో కట్టించుకుంటాడో చూస్తా. ఏం తిరుపాలూ, ఆ దినం బస్సులో నేనూ సర్దుకుని ఎనక్కి పోయింటే? ఈపొద్దు దాకా ఎనకే కూచుండేదాన్ని."

నేనూ ఒక చెనక్కాయ తీసుకుని వలిచాను.

లాడ్జీలకు మళ్ళీ ఫోన్లు చేసింది. అన్నీ ఫుల్లు. జమ్రూద్ వసారాకు రావడం మానేసింది. పెద్దక్క పోయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఫోనులో ఒక్కొక్క పేరే జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగింది. అక్కడ "ఉరుసు మద్రాసు" అని ఉంది.

నాకు గుర్తొచ్చింది. ఒక ఏడాది పెనుకొండ ఉరుసుకు మద్రాసు నుంచి వచ్చిన ఒక కుటుంబం కారు వానలో చెడిపోయింది. పెద్దక్క వాళ్ళందర్నీ నా బండిలో కుక్కి ధర్మవరం తెచ్చింది. తడి బట్టలు మార్పించి, ఈ వసారాలోనే సంగటి, చెనక్కాయ చట్నీ పెట్టి రైలెక్కించింది. ఆ ఇల్లాలి పేరు షహీన్.

"ఎవరూ?" అంది అవతలి గొంతు.

"నేనమ్మా, ధర్మవరం. సంగటి పెట్టిన దాన్ని."

అవతల నుంచి వచ్చిన కేకకు కోడి ఒకటి ఎగిరి గోడ దూకింది. షహీన్ సగం తెలుగు, సగం అరవం, మధ్యలో జమ్రూద్‌తో ఉర్దూ కలిపి మాట్లాడింది. వాళ్ళ మేడ మీద పిల్లలకు ట్యూషన్ చెప్పే హాలు ఉందట. సెలవులు కాబట్టి ఖాళీగా ఉందట. మేడెక్కితే హార్బరు క్రేన్లు కనిపిస్తాయట.

"చాపలు మేమే తెచ్చుకుంటామమ్మా" అంది పెద్దక్క.

"ఎందుకూ? మా ఇంట్లో లేవా?" అని షహీన్ కసిరింది. జన్మలో మొదటిసారి పెద్దక్కను ఒకరు కసరడం విన్నాను. నాకు చాలా తృప్తి కలిగింది.

ఫోను పెట్టేశాక ప్రమీల నెమ్మదిగా, "సాయిబుల ఇంట్లోనా అక్కా? మా ఇంట్లో తెలిస్తే ఏమంటారో" అంది.

పెద్దక్క చెనక్కాయ ఒకటి టప్‌మని చిదిమింది.

"ఒక్క రాత్రే కదమ్మా. సర్దుకుంటే పోతాది."

వసారా గొల్లున నవ్వింది. ప్రమీల మొహం కందిపోయింది. నవ్వనిది జమ్రూద్ ఒక్కతే.

"నా పక్కన పండుకో ప్రమీలక్కా" అంది. "నేను గురక పెట్టను."

ప్రమీల ఆరోజు లేచి ఇంటికి పోయింది. వస్తుందో రాదో అనుకున్నాం. బయల్దేరే రోజు తెల్లారేసరికి అందరికంటే ముందు వచ్చి నా బండి దగ్గర సంచితో నిలబడి ఉంది. వాళ్ళ తమ్ముడు వద్దన్నాడా అని అడిగితే, "అన్నాడు" అని ఊరుకుంది. మధు చీరలు కూడా అంతకు ముందురోజే వచ్చాయి, తెచ్చినవాడు తలుపు దగ్గర పెట్టేసి పోయాడు.

టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి బండి తీశాను. పెనుకొండ దాటుతుంటే జమ్రూద్ వెనక కిటికీలోంచి తల బయటికి పెట్టి కొండను కింది నుంచి పై దాకా చూసింది. తల లోపలికి పెట్టుకో అని అరిచాను. వినలేదు. కొండ కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంది.

షహీన్ ఇంట్లో మాకు జరిగిన మర్యాద చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. ప్రమీల తన సద్ది తానే తెచ్చుకుంది, ఎవరూ ఏమీ అనలేదు. చివరికి షహీన్ పెట్టిన టీ మాత్రం రెండోసారి అడిగి పోయించుకుంది. హాల్లో పదకొండు చాపలూ ఒకే వరసలో పరిచారు. జమ్రూద్ పక్క చాప ప్రమీలది.

పొద్దున సామాను ఎక్కించాను. హార్బరు గేటు దాకే నా బండి, లోపలికి రానివ్వరు. మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసం గేటు దగ్గర ఏం చేయాలో పెద్దక్క షహీన్‌ను అప్పటికే నాలుగుసార్లు అడిగింది. అందరూ ఎక్కారు. జమ్రూద్ ఎప్పటిలాగే వెనక మూలకు పోతోంది.

పెద్దక్క ముందు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

"ఆడికి యాడికి పోతాండావు? ఈడికి రా."

జమ్రూద్‌కు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"అది నీ సీటు కదక్కా."

"నాది కాబట్టే ఇస్తాండా. ఎక్కు. ఓడ అందరికంటే ముందు నువ్వు చూడాల."

జమ్రూద్ ఎక్కింది. సీటు అంచున కూర్చుని, కొంగు రెండు చేతులతో పట్టుకుంది. పెద్దక్క వెనక మూలకు పోయి కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె అక్కడ కూర్చోవడం నేను చూడలేదు. నేను తాళం తిప్పాను.

రెండు మలుపులు తిరిగాం. హార్బరు గోడ వచ్చింది. గోడ పైన తెల్లగా, అంతస్తు మీద అంతస్తుగా ఏదో లేచి కనిపించింది. మొదట మేడలనుకున్నాను. పొగగొట్టం చూశాక తెలిసింది. నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. జమ్రూద్ అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది.

"ఏమ్మే జమ్రూద్!" వెనక మూల నుంచి పెద్దక్క అరిచింది. "చెప్పు, అందరూ వినాల. మీ అవ్వ అబద్ధం చెప్పిందా?"

జమ్రూద్ వెనక్కి తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఔనక్కా" అంది. "తక్కువ చెప్పింది."