నాలుగో తొట్టె రిపోర్టు

నాచారంలో మా వీధి బేకరీ తలుపు తెరిచినప్పుడల్లా పులిసిన పిండి వాసన రోడ్డు మీదికి కొడుతుంది. అందరికీ ఆకలి పుట్టించే వాసన అది. నేను మాత్రం గబగబా దాటేస్తాను. ల్యాబులో రోగి రక్తంలోని క్రిములను పెంచే సీసా మూత తీసినప్పుడు మొదటిసారి తగిలిన వాసన అదే. దానితో పాటే మరియమ్మ సిస్టర్ గుర్తొస్తారు, ఆవిడ ముందు తల వంచుకుని నిలబడ్డ నేనూ గుర్తొస్తాను.

డెబ్బయ్యో దశకం మొదట్లో, మౌలాలి రైల్వే క్వార్టర్స్ నుంచి బస్సెక్కి ఉప్పల్ దారిలోని ఒక చిన్న ఆస్పత్రికి ల్యాబ్ టెక్నీషియన్‌గా వెళ్లేదాన్ని. నెలలు నిండని పిల్లల గదికి మరియమ్మ సిస్టర్ ఇన్‌ఛార్జి. మెదక్ వైపు పల్లెటూరి మనిషి. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోనిదే డాక్టరునైనా గడప దాటనిచ్చేవారు కాదు. మొదటి రోజు నేను వేళ్లు తడుపుకుని వెళ్తే, "పెండ్లికొచ్చినవా బిడ్డా, అత్తరు సల్లుకున్నట్టు జేస్తున్నవ్? మంచిగ కడుగు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా కడిగాను.

నాలుగో తొట్టెలో ఉప్పల్ నుంచి వచ్చిన లక్ష్మి కూతురు ఉండేది. ఏడో నెలలోనే పుట్టింది. బొడ్డులో సన్నని గొట్టం, అందులోంచి గ్లూకోజు, మూడు వారాలుగా యాంటీబయాటిక్ సూదులు. ఉన్నట్టుండి ఒళ్లు చల్లబడింది, పొట్ట ఉబ్బింది, మధ్యమధ్య ఊపిరి ఆగుతోంది. డాక్టరుగారు రక్తం పంపితే సీసాలో వేసి వెచ్చగా పెట్టాను. రెండో రోజుకు సీసా మసకబారింది. మైక్రోస్కోపులో గుండ్రటి కణాలు, పక్కన చిన్న మొగ్గలు. పిండిని పులియబెట్టే రకం ఫంగస్, ఈస్టు. మా ల్యాబులో అలవాటేమిటంటే, రక్తంలో ఈస్టు కనిపిస్తే అది గాలిలోంచో చేతి మీంచో పడిందనుకోవడం. చీటీ మీద కంటామినేషన్ అని రాసి, సీసా ఉడకబెట్టి పారబోయడం. నాకు పని నేర్పిన పెద్దాయన అలాగే చేసేవాడు. నేనూ అలాగే చేశాను.

గంటలోపే సిస్టర్ ఆ చీటీ పట్టుకుని వచ్చారు.

"సీసల ఏం గనిపిచ్చింది?"

"ఈస్టు, సిస్టర్. గాలిలోంచి పడింది."

"పడంగ సూసినవా?"

చీటీ కోసం చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు.

"ఆ పిల్ల నోట్ల తెల్లగ పూత పూసింది. నోట్ల ఉన్నదే నెత్తురుల ఉంటే? సీస ఏది?"

అప్పటికే పారబోశాను.

మళ్లీ రక్తం తీశారు, మళ్లీ రెండు రోజులు. మూత తీయగానే అదే వాసన. డాక్టరుగారు బొడ్డు గొట్టం తీసేసి, ఫంగస్‌కు పనిచేసే మందు కోసం సిటీలోని పెద్ద దవాఖానాలకు మనిషిని పంపారు. మందు దొరికిన రోజు పొద్దున్నే పిల్ల పోయింది. దాని పాదం నా బొటనవేలంత ఉండేది.

సిస్టర్ ల్యాబుకు వచ్చి, "రిపోర్టు మల్ల రాయి. సూసింది సూసినట్టు రాయి" అన్నారు.

"పోయిన పిల్లకు రిపోర్టెందుకు సిస్టర్?"

"పక్క తొట్టెల పిల్లకు."

రాసిచ్చాక నన్ను వరండాలో కూర్చున్న లక్ష్మి దగ్గరికి తీసుకెళ్లి, "నువ్వే జెప్పు" అన్నారు. ఇంతమంది పెద్దవాళ్లుండగా నన్నెందుకు బలి చేస్తున్నారని కోపం వచ్చింది. లక్ష్మి ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాను. "పాప నెత్తురులో ఫంగస్ చేరిందమ్మా. నాకు మొదటిసారే కనిపించింది. తప్పుగా రాశాను. రెండు రోజులు పోయాయి."

లక్ష్మి తలెత్తింది. "ముందుగాల్నే రాస్తే బతుకుతుండెనా అమ్మా?"

సిస్టర్ వైపు చూశాను. ఆవిడ నా సాయానికి రాలేదు.

"తెలియదు. బతికేదేమో" అన్నాను. లక్ష్మి కొంగులో మొహం దాచుకుంది. తిట్టినా బాగుండేది.

తిరిగి వస్తుంటే సిస్టర్ మెల్లగా అన్నారు, "ఇగ రాసేటప్పుడు నీ చెయ్యి వణుకుతది. వణకనీ. మంచిదే."

ఆ తర్వాత ముప్పై ఏళ్లు రిపోర్టులు రాశాను. ఈస్టు కనిపించిన ప్రతిసారీ సీసా పట్టుకుని నేనే వార్డుకు పరిగెత్తాను. ఆ పిల్లల్లో కొందరు బతికారు. మరియమ్మ సిస్టర్ పోయి చాలా కాలమైంది.

మొన్న మనవరాలి స్కూలు ఫారం నింపుతుంటే, "చెయ్యి వణుకుతోంది అమ్మమ్మా, ముసలిదానివైపోయావు" అని నవ్వింది. అవునమ్మా అన్నాను. ఆ వణుకు నాకు ఇరవై రెండేళ్లప్పుడే వచ్చిందని చెప్పలేదు.