కుదుపు కంటే ముందొచ్చిన కిర్రు

మా చుట్టాల్లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే ముందు నన్ను గదిలోంచి పంపేసేవాళ్లు. మధ్యలో "లైటు వేసి చూశారా?" అని అడిగి కథంతా పాడుచేస్తానని వాళ్ల బాధ. నేను దయ్యాల్ని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇక్కడ రాసేదాంట్లో దయ్యం లేదు కూడా. ఒక కారు ఉంది, దాని ముందు ఎడమ చక్రం దగ్గర ఒక చప్పుడు ఉంది.

నా పని గురించి రెండు మాటలు చెప్పాలి. నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. కంపెనీలు పంపే ఎలక్ట్రానిక్ పెట్టెల్ని ఒక బల్ల మీద బిగించి, గంటల తరబడి అదరగొట్టి, ఏ స్క్రూ వదులవుతుందో చూడటం నా ఉద్యోగం. చప్పుడు వచ్చిందంటే ఎక్కడో ఏదో అదిరినట్టే. అదురు లేకుండా చప్పుడు పుట్టదు. నాకు అన్నం పెట్టేది ఈ ఒక్క నిజమే.

రెండున్నరేళ్ల కింద నా భార్య సునీతకు ఆరో నెల. అంతకుముందు ఒకసారి నాలుగో నెలలోనే కడుపు పోయింది. ఈసారి గర్భం నిలవడానికి కుట్టు వేసిన డాక్టరమ్మ, కుదుపులు తగలకుండా చూసుకోమని ఒక్క మాట అన్నారు. ఆ మాటతో నాకు నిద్ర దూరమైంది. నాచారంలో మా ఇంటి నుంచి ఉప్పల్‌లోని ఆసుపత్రికి వెళ్లే దారిలో పదకొండు స్పీడ్‌బ్రేకర్లు. మా వీధి చివరివి రెండూ చిన్నవి. బడి ముందుది అన్నిటికంటే ఎత్తు. ఒక్కోదాని మీద నేను కారును ఎంత మెల్లగా ఎక్కించేవాడినంటే వెనకవాళ్లు హారన్లతో తిట్టేవాళ్లు.

"కారు నడుపుతున్నవా, నెత్తి మీద గుడ్ల గంప మోస్తున్నవా?" అని సునీత నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చప్పుడు మొదలైంది. తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు, స్పీడ్‌బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ కిర్రుమనేది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదేననుకున్నాను. చక్రాన్ని పట్టి ఉంచే జాయింటు ఏదైనా ఊడితే? సునీత లోపల ఉండగా ఊడితే? ఆ సాయంత్రమే కారును మెకానిక్ యాదగిరి అన్న షెడ్డుకు తీసుకెళ్లాను.

యాదగిరి అన్నది మల్లాపూర్ రోడ్డులో రేకుల షెడ్డు. ముప్పై ఏళ్లుగా కార్ల కిందే పడుకుంటున్న మనిషి. చప్పుడు పట్టుకోవడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. సీసాలో సబ్బునీళ్లు పోసుకుని కిందికి దూరతాడు. మనం పైనుంచి బానెట్‌ను నొక్కి వదులుతుండాలి. ఆయన ఒక్కో రబ్బరు బుష్‌నూ విడిగా తడుపుతాడు. తడిసిన రబ్బరు అరవదు కాబట్టి, దేన్ని తడిపితే చప్పుడు ఆగుతుందో అదే దొంగ. నూనె కొట్టమంటే మాత్రం కోప్పడతాడు. నూనెకు రబ్బరు ఉబ్బి చెడిపోతుందట.

ఆ రోజు నేను చేతులు నొప్పి పుట్టేదాకా నొక్కాను. నిలబెట్టిన కారు కిక్కురుమనలేదు. రోడ్డెక్కితే మళ్లీ అదే చప్పుడు. బుష్‌లు మార్చాడు. స్టెబిలైజర్ లింకు మార్చాడు. స్ప్రింగు పైనుండే మౌంటు మార్చాడు. చప్పుడు మారలేదు.

చివరికి తనే నా పక్కన కూర్చుని, అద్దం దించి, తల బయట పెట్టి చెవి చక్రం వైపు వంచాడు. మూడు స్పీడ్‌బ్రేకర్లు దాటాక కారు ఆపమన్నాడు.

"సారు, గిది ఎక్కినప్పుడు వస్తలేదు. ఎక్కకముందే వస్తుంది. టైరు ఇంకా తాకనే లేదు."

బ్రేకు వేస్తే కారు ముక్కు కిందికి వంగుతుంది, స్ప్రింగు నొక్కుకుంటుంది, అందుకే ముందొస్తుంది అని నేను పాఠం చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, బ్రేకు తొక్కకుండా పొమ్మన్నాడు. నడక వేగంతో పోనిచ్చాను. కిర్రుమంది. ఆ తర్వాత చక్రం ఎక్కింది.

ఆదివారం మా మేనేజర్‌ను అడిగి ల్యాబ్ నుంచి చిన్న పరికరం తెచ్చాను. అయస్కాంతంతో చక్రం వెనక ఇనుప కడ్డీకి అంటుకుంటుంది, ఎంత చిన్న అదురైనా గీత గీస్తుంది. దానికే ఒక మైకు కూడా తగిలించాను. రెండింటికీ గడియారం ఒకటే. గీతలు చూస్తే ముందు చప్పుడు, అర సెకను తర్వాత కుదుపు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. మా పనిలో ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చేయని తప్పు. ప్రతి పరికరంలో ఎంతో కొంత తేడా ఉంటుంది, దాన్ని లెక్కలోంచి తీసేయడం మాకు అలవాటు. అర సెకను పరికరం తేడా అని రాసి, అన్ని కొలతల్లోంచీ తీసేశాను. చప్పుడూ కుదుపూ చక్కగా ఒకచోటికి వచ్చాయి. పరికరం నిజం చెబితే నేను దాన్ని దిద్దానన్నమాట. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండు వారాల తర్వాత మళ్లీ కొలిచాను. తేడా రెండు సెకన్లయింది. పరికరం తేడా అలా పెరగదు. చప్పుడు వస్తున్నప్పుడు అదురు గీత ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. అంటే ఏదీ అదరడం లేదు. అయినా చప్పుడు వస్తోంది. ల్యాబ్‌లో ఆ గీతల్ని కాగితం మీదికి తీసి, మొదటి నుంచి మళ్లీ లెక్కవేశాను. నిజంగా భయమేసింది.

ఏడో నెల చివరికి తేడా పది సెకన్లకు చేరింది. సునీతకు తెలియకూడదని పాటలు గట్టిగా పెట్టేవాడిని. ఒకరోజు బడి ఇంకా కనబడకముందే ఆమె రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "ఇప్పుడు పెద్దది వస్తది కదా?" అంది.

నీకెలా తెలుసు అన్నాను.

"నీ కారే చెప్తుంది. ఎప్పటిసంది చెప్తుంది. చిన్నదైతే చిన్నగ అరుస్తది, పెద్దదైతే పెద్దగ. నేను గట్టిగ పట్టుకుంట. నువ్వు ఫికర్ పడుతున్నవ్ గని, నాకది ఆసరా."

నన్ను వణికించేదాన్నే పట్టుకుని ఆమె ధైర్యంగా కూర్చుంటోంది. పాటల చప్పుడు తగ్గించాను.

ఎనిమిదో నెలలో ఒక ఉదయం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సునీతను కూర్చోబెట్టి తలుపు వేశాను. ఇంకా తాళం తిప్పలేదు. కారు వరసగా కిర్రుమనడం మొదలుపెట్టింది. రెండు చిన్నవి, ఒక పెద్దది, మూడు చిన్నవి, ఒక చాలా పెద్దది. మొత్తం ఏడు. మా దారిలో పదకొండు కదా, ఏడేంటి అనుకున్నాను. పిచ్చివాడిలా లోలోపల సంతోషపడ్డాను కూడా, దీనికీ లెక్క తప్పింది కదా అని.

బడి దగ్గర పైపుల కోసం రోడ్డు తవ్వారు. ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఊపి మమ్మల్ని పక్క సందులోకి మళ్లించాడు. నేనెప్పుడూ వెళ్లని సందు. దాటుతూ లెక్కపెట్టాను. మా వీధివి చిన్నవి రెండు. సందు మొదట్లో ఒక పెద్దది. తర్వాత మూడు చిన్నవి. ఆ సందు తేలే ఆసుపత్రి వెనక గేటు ముందు కొత్తగా వేసిన చాలా ఎత్తైనది. మొత్తం ఏడు. నేను బయల్దేరినప్పుడు ఆ సందు నా ఆలోచనలోనే లేదు.

అనుమానం పెనుభూతం అంటారు. ముందు నా మీద నేనే అనుమానపడ్డాను, నిద్రలేక భ్రమపడ్డానేమోనని. కానీ సునీత కూడా ఏడే లెక్కపెట్టింది.

యాదగిరి అన్నకు చెబితే గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. నవ్వలేదు.

"కొండను తవ్విన, సారు, ఎలుక గూడ దొరకలే. బండిల ఏం లేదు. చెల్లెను మాత్రం ఇగ ఇందుల ఎక్కియ్యకు."

ఆటో ఎక్కిస్తే కుదుపులు ఇంకా ఎక్కువ. క్యాబ్ వాళ్లు నా మాట వినరు. సునీత నా కారే కావాలంది. అలా మరో నాలుగు వారాలు గడిచాయి. ప్రతి చప్పుడుకీ దాని కుదుపు వచ్చింది. ఒక్కటీ తప్పలేదు, ఒక్కటీ ఎక్కువ కాలేదు. అన్నీ వరసగా షీట్‌లో రాసుకున్నాను.

పాప క్షేమంగా పుట్టింది. ఆసుపత్రి బాత్రూంలో తలుపు వేసుకుని ఏడ్చాను. మా అత్తమ్మ వచ్చి మోకరించి ప్రార్థన చేసింది, నేనూ పక్కన మోకరించాను.

మూడో రోజు మధ్యాహ్నం ఇంటికి పంపారు. అత్తమ్మ ఇల్లు సర్దడానికి ముందే వెళ్లిపోయింది. ఆసుపత్రి సెల్లార్‌లో సునీత పాపను ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను. తాళం ఇంకా నా జేబులోనే ఉంది.

అప్పుడు వచ్చింది. ఒక్కటే. బడి ముందున్న స్పీడ్‌బ్రేకర్‌కు కూడా అది రెండు సెకన్లకు మించి అరిచేది కాదు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పంతొమ్మిది సెకన్లు. పోనుపోను గట్టిపడి, ఒక్కసారిగా తెగిపోయింది. పాప ఏడవలేదు. అద్దంలో సునీత ముఖం చూశాను. ఇన్నాళ్లూ ఆసరా అన్న మనిషి పాప తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"దిగుదాం," అంది.

ఆటోలో ఇంటికి వెళ్లాం. మర్నాడు నేనొక్కడినే వెళ్లి కారును నడక వేగంతో తెచ్చాను. దారిలో పదకొండు స్పీడ్‌బ్రేకర్లూ దాటాను. ఒక్క చప్పుడూ లేదు. పెద్ద కుదుపేదీ తగల్లేదు. యాదగిరి అన్న వచ్చి బ్యాటరీ తీసేసి, నాలుగు వైపులా ఇటుకలు పేర్చి, కారును వాటి మీదికెత్తి చక్రాలు ఊడదీశాడు.

అది ఇంకా మా సెల్లార్‌లోనే ఉంది. ఆ తర్వాత మళ్లీ కిర్రుమనలేదు. మా ఆఫీసులో ఒకాయన కొంటానని వచ్చాడు. ఆయనకు ఇద్దరు పిల్లలు. ఇంజన్ పోయిందని అబద్ధం చెప్పాను. తుక్కుకు ఇచ్చెయ్యమంటుంది సునీత. దాన్ని లారీలో వేసుకుని పోయేవాడి సంగతేంటి? అసలు ఆ కుదుపు కారులోనే రావాలని ఎవరు చెప్పారు?

పాపకు రెండేళ్లు నిండాయి. సెల్లార్‌లో పరుగెత్తి, ఆ కారు దగ్గరికి వెళ్లి, తలుపు తట్టి నా వైపు చూసి నవ్వుతుంది. నేను వెళ్లి ఎత్తుకుంటాను. అప్పటి షీట్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. చివరి వరసలో చప్పుడు దగ్గర పంతొమ్మిది సెకన్లు అని రాసి ఉంది. కుదుపు గడి ఖాళీగా ఉంది.