చిత్తుపుస్తకంలో నాలుగో పేరు

నాకు దయ్యాల కథలంటే నవ్వొచ్చేది. హాస్టల్లో తోటి అమ్మాయిలు దుప్పట్లో దూరి చెప్పుకుంటుంటే నేను పక్కనే కూర్చుని రికార్డు రాసుకునేదాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మేం నంద్యాలలో అద్దెకుంటున్నాం. మా ఆయన రైస్‌మిల్లులో పనిచేస్తారు. సీజన్ మొదలైతే ఇంట్లో నేనూ పాపే. పాపకు పదో నెలలో జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. రెండోసారి జ్వరం లేకుండానే వచ్చాయి. మీ కుటుంబంలో ఎవరికైనా ఇలా ఉండేదా, పసితనంలో పోయినవాళ్లున్నారా అని డాక్టర్ అడిగారు. అత్తగారి వైపు లేరన్నారు. మా అమ్మ లేదు. ఆళ్ళగడ్డలో ఉన్న నాయనకు ఫోన్ చేస్తే, "ఎవురూ లేరు" అని పెట్టేశాడు.

నాకు నమ్మకం కుదరలేదు. నాయన తల్లి, మా అవ్వ, బతికున్నప్పుడు బిడ్డలెంతమందని ఎవరడిగినా ఇద్దరనేది. మాకు తెలిసింది నాయనొక్కడే.

జనాభా లెక్కల్లో ఆడవాళ్లను ఎంతమందిని కన్నారో, ఎంతమంది బతికున్నారో కూడా అడుగుతారని ఎక్కడో చదివాను. ఆఫీసులో విచారిస్తే, ఊరి మొత్తాలు ఇస్తారు గానీ ఇంటి కాగితాలు ఎవరికీ చూపరన్నారు. అప్పుడు మా వీధి బడి సారు గుర్తొచ్చారు. నాయన ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆళ్ళగడ్డలో మా వీధి లెక్క రాసింది ఆయనే. నాకు కూడా చదువు చెప్పారు. పాపను ఎత్తుకుని బస్సెక్కాను.

"లెక్కలు రావని ఎన్ని బెత్తాలు ఇరగ్గొట్టినానో నీ మీద. ఇప్పుడు లెక్కల కోసరం వచ్చినావా?" అని నవ్వారు. అసలు ఫారాలు అప్పుడే ఇచ్చేశారట. ముందుగా రాసుకున్న చిత్తుపుస్తకం మాత్రం బీరువాలో ఉంది.

మా ఇంటి కింద నాలుగు పేర్లున్నాయి. తాత, అవ్వ, నాయన. నాలుగోది నాగమణి, కూతురు, మూడేళ్లు.

"పాపను మీరు చూశారా సార్?"

"చూడకుండా రాస్తానా? గడప మీద కూసోని ఉండె. అప్పుడే గుండు చేయించినట్లుండారు, గంధం తడి గూడా ఆరలే. నా పెన్ను మూత గుంజుకోని ఇయ్యదే!"

లెక్క తేదీ దాటాక మళ్లీ తిరిగి, మధ్యలో పుట్టినవాళ్లను చేర్చి, పోయినవాళ్లను కొట్టేయడం పద్ధతి. సారు రెండోసారి వెళ్లి పేర్లు చదివారు. పాప కనిపించలేదు, నిద్రపోతోందేమో అనుకున్నారు.

"మీ అవ్వ ఆ పేరు ఇంకోసారి చదవమనింది. చదివినా. ఇంకేం పలకలా. చావు చెప్పకపోతే పేరెట్ల కొట్టేసేది?"

ఆ వేసవిలోనే ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది; నేను బడికి పోయే నాటికి గానీ తిరిగి రాలేదు.

అక్కణ్ణుంచి నేరుగా నాయన దగ్గరికి పోయాను. పేరు చెప్పగానే నా చంకలోని పాప వైపు చూశాడు.

"పసిబిడ్డ తల్లికి చెప్పే మాటనా అది?" అన్నాడు. ఆ తర్వాత తనే చెప్పాడు. నాగమణి ఆయన చెల్లెలు. పదకొండో నెలలో ఫిట్స్ వచ్చి పోయింది. అప్పుడు నాయన ఆరో తరగతి. అంటే సారు రాయడానికి రెండేళ్ల ముందు.

"పుట్టెంటికలు గూడా తీయలేదు. మూడో ఏట అహోబిలంలో తీయిస్తామని మొక్కుకోని ఉండె మాయమ్మ."

పక్కింటి పిల్లను చూసి పొరబడ్డారేమోనని మళ్లీ సారు దగ్గరికి వెళ్లి పుస్తకమంతా చూశాను. అటూ ఇటూ ఇళ్లలో ఐదేళ్ల లోపు ఆడపిల్లే లేదు. నాలుగు పేర్లూ ఒకే సిరాతో, ఒకే వరసలో ఉన్నాయి.

మర్నాడు డాక్టర్‌కు చెప్పాను. ఏ వయసులో పోయిందని అడిగారు. మూడేళ్లని అనబోయాను. పదకొండు నెలలన్నాను. పరీక్షలు చేయించి మందు మార్చారు. పాపకిప్పుడు పదిహేను నెలలు. మళ్లీ ఫిట్స్ రాలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడటం మాత్రం నేనింకా మానలేదు.

నాయన అబద్ధం చెప్పడు. సారు చూడనిది రాయరు. సారు మొదటిసారి వెళ్లినప్పుడు తాత చేను దగ్గర, నాయన బడిలో ఉన్నారట. ఆ పగటిపూట మా అవ్వ ఇంట్లో ఒంటరిగా ఉందో లేదో నాకింకా తెలియదు.